అడగడం తెలిసిన మనిషి

సారు పోయారన్న మాట నాకు మొదట చెప్పింది మస్తాన్. ఒకప్పుడు మా ఆఫీసు జీపు నడిపేవాడు, ఇప్పుడు వెంకటాచలంలో సొంత ఆటో తోలుకుంటున్నాడు. ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి బయటికి వస్తుంటే గేటు పక్కన ఆటో ఆపుకుని నా కోసం చూస్తున్నాడు.

"అక్కా, మన ప్రపోజల్ సారు పోయినాడంట. నిన్న పొద్దున. గుండెంట."

"నీకెవరు చెప్పినారు?"

"వాళ్ల ఊరి పాలాయన. మన ఆఫీసోళ్లకి ఇంకా తెలీదు. తెలిస్తే మీటింగు పెడతారు గదా, ఎవురు పోవాల, ఎందుకు పోవాల అని. మనం ముందే పోయొద్దాం రా."

మాలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యరు, ఉన్నవాళ్ల కోసం చేస్తారు. ఆ ఆటో పక్కనే కళ్లు మూసుకుని, ఆయన ఇంట్లోవాళ్లకు ఓదార్పునిమ్మని అడిగాను. అడిగి ఊరుకోలేక దేవుణ్ణి ఒక్క మాట హెచ్చరించాను కూడా. తండ్రీ, ఆయన నీ దగ్గరికి వస్తున్నాడు, వచ్చీ రాగానే నీ రాజ్యంలో కొరతలేమిటో, అవి తీరడానికి ఎన్నాళ్లు పడుతుందో, తీరినట్టు రుజువేమిటో రాసి చేతికిస్తాడు, కాస్త ఓర్చుకో అని.

ఆయన పని అదే మరి. సముద్రాలకు అవతల ఏదో చల్లటి దేశంలో హెడ్డాఫీసు ఉన్న సహాయ సంస్థ మాది. యుద్ధమొచ్చినా, తుఫానొచ్చినా, భూమి కంపించినా ఆదుకుంటుంది. ఆదుకునే ముందు మాత్రం, ఎందుకు ఆదుకోవాలో ఇంగ్లీషులో, వాళ్లు చెప్పిన శీర్షికల కింద, వాళ్లు చెప్పిన పేజీల్లో రాసి పంపమంటుంది. నెల్లూరులో ఒక అద్దె ఇంటి మేడమీద ఉండేది మా శాఖ. అలా రాసి పంపే మనిషి సారు. ఆ రాతనే ప్రపోజల్ అంటారు. ఆయనైతే ఇంకో మాట అనేవారు.

"అడుక్కోవడమే అమ్మాయ్. గుడి ముందర కూర్చున్నోడు తెలుగులో అడుక్కుంటాడు, నేను ఇంగ్లీషులో. వాడికి ఆడిట్ లేదు. అంతే తేడా."

ఆయనది మనుబోలు పక్కన వరి పండించే కుటుంబం. ఉద్యోగం ఏదైనా మాటలన్నీ పొలంలోంచే వచ్చేవి. ప్రపోజల్ మొదలుపెడితే నారు పోశానంటారు. హెడ్డాఫీసు నుంచి సందేహాలొస్తే పురుగు పట్టిందంటారు. ఏడాది మొదట్లో ఢిల్లీ ఆఫీసుకు ఫోన్ చేసి ఆయన అడిగే మొదటి మాట, "ఈ ఏడు ఏం పంట?" అటువైపు నుంచి జవాబు విని మా వైపు తిరిగి ప్రకటించేవారు. "ఆడవాళ్ల సాధికారత దిగుబడి పడిపోయిందంట. ఈ ఏడు వాతావరణ మార్పు ఏసుకోవాల." దాంతో, పోయిన ఏడు మహిళల ఆత్మగౌరవం కోసం తవ్విన మురుగుకాలువ, ఈ ఏడు భూగోళం వేడెక్కడం మీద పోరాటమయ్యేది. కాలువ అదే. అందులో దోమలూ అవే. పేర్లు మార్చుకుని బతకడం దోమలకు చేతకాదు, సంస్థలకు చేతనవును.

రాయడానికి కూర్చునే ముందు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. గడియారం చేతికుంటే గడువు గుర్తొస్తుందట, జేబులో ఉంటే గుండెకు మాత్రమే వినిపిస్తుందట. ఇలాంటి మాటలు చెప్పి మా వంక చూసేవారు, మేం ఆశ్చర్యపోయామో లేదో అని. ఆశ్చర్యపోకపోతే మళ్లీ చెప్పేవారు.

ఒక పేరా పూర్తయితే మస్తాన్‌ని పైకి పిలిచి చదివి వినిపించేవారు. మస్తాన్‌కు ఇంగ్లీషు ముక్క రాదు. మస్తాన్ చప్పరించి, తల అడ్డంగా ఊపి, "అయ్యో పాపం" అంటే ఆ పేరా ఉంటుంది. అనకపోతే కొట్టేస్తారు. "భాష తెలిసినోడికి జాలి పుట్టించడంలో గొప్పేముంది" అనేవారు. మస్తాన్‌కు ఈ కిటుకు తొందరగానే అర్థమైంది. టీ టైము దగ్గరపడితే ప్రతి వాక్యానికీ "అయ్యో పాపం" అనేసేవాడు. ఆ విధంగా పాసైన కొన్ని పేరాలు హెడ్డాఫీసులో కూడా బాగా మెప్పు పొందాయి.

నేను ఆ ఆఫీసులో పల్లెల్లో ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులో పెట్టే పనికి చేరాను. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే తెలుగు బైబిలూ ఇంగ్లీషు బైబిలూ పక్కపక్కన పెట్టి, వచనం వెంట వచనం చదివించి నేర్పాడు. అందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు. కాకపోతే నా మొదటి రిపోర్టులో "ఇదిగో, జలములు లేచెను" అన్న ధోరణిలో ఇంగ్లీషు వచ్చింది. సారు దాన్ని పైకి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, బాగుండాది. కానీ వీళ్లు డబ్బులిచ్చే దేవుళ్లు. వీళ్లతో 'ఇదిగో' అనకూడదు. 'దీనికి సంబంధించి తమ దృష్టికి తెచ్చునదేమనగా' అనాల."

ఇక కావేరమ్మ సంగతి. ఆమె సముద్రపు ఒడ్డున ఒక జాలర్ల పాళెంలో ఉండేది. ఆ ఏడు ఈదురుగాలికి పాళెంలో సగం పడవలు పోయాయి, వలలు పోయాయి. ఇసుకలో ఎండబెట్టుకున్న చేపలు కూడా పోయాయి. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. మామూలు ఏళ్లలో అప్పటికి ఇంట్లో ఇంత ఎండుచేప, ఇంత బియ్యం ఉంటాయి. ఆ ఏడు లేవు. వేట ఆగిన రోజుల్లో పాళెంలో చంటిబిడ్డల తల్లులకు ఒక వంటశాల నడపాలని సారు ప్రపోజల్ మొదలుపెట్టారు. కావేరమ్మ కోడలు అప్పుడు చంటిబిడ్డ తల్లి. మేం మొదటిసారి పోయిన రోజున ఆ బిడ్డ రొమ్ము చప్పరించి, వదిలేసి, ఏడ్చి, మళ్లీ చప్పరిస్తూ ఉంది. అది చూశాక ఆ ప్రపోజల్ ఎందుకో మా ఆఫీసులో ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది. హెడ్డాఫీసుకు చెప్పాలి. అక్కడ బిడ్డ ఏడుపు వినపడదు, అంకెలు కావాలి.

అంకెల కోసం ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. ఏ దేశంలోనైనా, ఏ కరువుకైనా పనికొచ్చే ప్రశ్నాపత్రమట. రాసినవాళ్లకు దేవుడు మేలు చేయును గాక. అందులో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, "నిన్న మీ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నారు?"

కావేరమ్మ గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎన్ని పూట్లేంది అమ్మణ్ణీ. అందురూ ఎన్ని పూట్లు తింటారో మేమూ అన్నే. మూడు పూట్లా తింటా ఉండాం. నువ్వు తిన్నావా? రా, ఒక ముద్ద తిందువు."

లోపల పొయ్యి చల్లగా ఉందని గడప దగ్గరికే తెలుస్తూ ఉంది. నేను మూడు అని రాసుకున్నాను. పక్కింటికి పోతే ఆమె ముందే అడిగింది, "కావేరమ్మ ఎంత చెప్పింది?" చెప్పకూడదని నియమం. చెప్పకపోయినా ఆమెకు వినపడింది. "అయితే మాకూ మూడే. నడాన టీ గూడా రాసుకో." పాళెమంతా అంతే. గడప ముందుకు వచ్చిన పరాయి మనిషి తిన్నారా అని అడిగితే తిన్నాం అనాలి. తినలేదంటే ఆ మనిషిని అన్నం అడిగినట్టు. అది అక్కడ పుట్టిన ఎవరూ చెయ్యని పని. మేం సాయంత్రానికి, కడుపు నిండిన ఒక పాళెం వివరాలతో తిరిగొచ్చాం.

సారు వాటినే పంపారు. హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. అభినందనలు, మీరు ఎంచుకున్న గ్రామంలో ఆహార పరిస్థితి చాలా సంతృప్తికరంగా ఉంది, ఈ విజయగాథను మా పత్రికలో వేసుకోవడానికి ఒక ఫొటో పంపగలరా అని. కింద ఒక వాక్యం మాత్రం ఉంది. వేరే వివరాలేమైనా ఉంటే వేట నిషేధం మొదలయ్యేలోగా ఇంకొకసారి పంపుకోవచ్చునట.

సారు కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "మనం గింజ కూడా ఇయ్యకముందే వాళ్లని బాగుచేసేసినాం అమ్మాయ్. ఇంత సక్సెస్ నా సర్వీసులో చూళ్లేదు."

మస్తాన్‌కు నవ్వు రాలేదు. "దాందేముంది సార్, మూడున్న కాడ ఒకటి అని ఏసేస్తే పాయె గదా. ఎవురొచ్చి చూస్తారు?"

"వాళ్లు మర్యాద కోసం ఒక అబద్ధం చెప్పినార్రా. దాని మీద నేను అమర్యాదగా ఇంకో అబద్ధం ఎక్కించాల్నా?"

"మరి ఆ పసిబిడ్డ సంగతేంది?"

సారు గడియారం జేబులోంచి తీసి చూసుకుని, మళ్లీ జేబులోనే వేసుకున్నారు.

మర్నాడు మళ్లీ పాళెం పోయాం. ఏం చెయ్యాలో తెలియకుండానే పోయాం. మధ్యాహ్నం సరుగుడు తోపులో జీపు ఆపి అన్నాలకు కూర్చున్నాం. సారు ఇంటినుంచి ముగ్గురికీ క్యారియర్ వచ్చేది. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, పెరుగన్నం. ఆడదాన్ని నేనొకదాన్నే కనుక వడ్డించడం నా వంతు. వాళ్లిద్దరికీ పెట్టాను. మస్తాన్ ఇంకొంచెం పప్పు అడిగాడు, సారు ఇంకొంచెం వేపుడు అడిగారు, పెట్టాను. తర్వాత నా కంచం పెట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నా స్తోత్రం కాస్త పొడుగు. కళ్లు తెరిచేసరికి సారు తినడం ఆపి నన్నే చూస్తున్నారు.

"నీకేం మిగిలింది అమ్మాయ్?"

"చాలు సార్."

"చాలుతాదా లేదా అనడగలా. ఏం మిగిలిందని అడిగినా."

క్యారియర్ వంచి చూపించాను. "అడుగున ఇంత అన్నం. ఊరగాయ."

"రేపెవురన్నా వచ్చి నిన్న తిన్నావా అంటే ఏం చెప్తావు?"

"తిన్నానంటాను."

"అబద్ధం గదా?"

"అబద్ధమెందుకవుతుంది సార్, ఇప్పుడు తింటాను గదా."

ఆయన గబగబా లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆయన కంచంలో ఇంకా పెరుగన్నం ఉంది. దాన్ని నా వైపు జరుపుతారేమో అనుకున్నాను, మనిషిని గదా. ఆయన జేబులోంచి పెన్ను తీసి, జీపు బానెట్ మీద కాగితం పెట్టి, ఒక ప్రశ్న రాసుకున్నారు. ఆ బుర్రను ఇచ్చిన దేవునికి స్తోత్రం. నాకు ఆ పూట ఊరగాయే.

తోపులోంచి నేరుగా కావేరమ్మ గడపకే పోయాం. ఈసారి నేను అడిగింది ఇది: "నిన్న మీ ఇంట్లో ఆఖర్న తిన్నదెవరు పెద్దమ్మా? అప్పటికి ఏం మిగిలుండె?"

కావేరమ్మ మొహం విచ్చుకుంది.

"ఇంకెవురు, మా కోడలే. అందురికీ పెట్టినాకనే తినేది. మావ తినాల, మొగుడు తినాల, పిల్లోళ్లు తినాల, నేను తినాల, అప్పుడు గానీ కూకోదు. ఈ పాళెంలో అట్టాంటి కోడలు ఇంకోటుంటే చూపించు."

"అప్పటికి ఏం మిగిలిందమ్మా?"

"ఏం మిగల్తాది. గంజి ఉండె. ఉప్పేసుకుని తాగింది. ఒక్క మాట అన్లేదే. అట్టాంటి బిడ్డ."

పక్కింటామె దడి మీదనుంచి తొంగి చూసింది. పోయినసారి మూడు పూటలకూ టీ కలిపిన మనిషి. "నీ కోడలికి గంజన్నా ఉండె కావేరీ. నా కోడలు నీళ్లు తాగి పనుకుంది. పనుకున్నట్టు మొగుడికి గూడా తెలీనీలా. రాసుకో అమ్మణ్ణీ, దాని పేరు గూడా రాసుకో."

ఇంక ఆపడం మా తరం కాలేదు. ఇంటింటికీ పోటీ. ఎవరి కోడలు ఎంత ఆలస్యంగా తింటుందో, ఎంత తక్కువ తింటుందో, తిననే తినకుండా ఎంత నవ్వుతూ ఉంటుందో అత్తలందరూ పిలిచి పిలిచి చెప్పారు. పస్తని చెప్పమంటే చెప్పని పాళెం, గొప్ప చెప్పమంటే గంజి నీళ్ల దాకా చెప్పింది. కావేరమ్మ కోడలు బిడ్డను భుజానేసుకుని తలుపు వెనక నిలబడి, తనను ఇంతగా పొగుడుతున్నారని సిగ్గుపడుతూ ఉంది.

జీపు హైవే ఎక్కాక సారు అన్నారు, "పండింది అమ్మాయ్. ఇంత బాగా పండకుండా ఉంటే బాగుండు."

ఆ ప్రపోజల్‌ని ఆయన మస్తాన్‌కు చదివి వినిపించలేదు. నేను చూసినంతలో అదొక్కటే.

వేట ఆగకముందే డబ్బు వచ్చింది. హెడ్డాఫీసుకు ఆ ప్రశ్న ఎంతగా నచ్చిందంటే, దానికి నోరు తిరగని పేరొకటి పెట్టి తమ ప్రశ్నాపత్రంలో చేర్చుకున్నారు. సరుగుడు తోపు గురించి అందులో లేదు.

వంటశాల తెరిచిన రోజున ఒక్క తల్లి కూడా తినడానికి రాలేదు. మగవాళ్లు, అత్తలు తినకుండా కోడలు ముందు ఎట్ట తింటుంది? కావేరమ్మే అడ్డం కూర్చుంది. సారు ఆమె ముందు గొంతుకూర్చున్నారు.

"కావేరమ్మా, ఇది అన్నం గాదు. పాలు పడే మందు."

"అన్నమట్టనే ఉండాది గదయ్యా."

"ఈ మధ్య మందులు అట్టనే చేస్తా ఉండారు. మందు ఎవురన్నా అందురూ తిన్నాక ఆఖర్న మింగుతారా?"

కావేరమ్మ ఆలోచించింది. "అదీ నిజమే" అని లేచి, కోడల్ని వెతుక్కుంటూ పోయి చెయ్యి పట్టుకుని తెచ్చింది. "మింగవే, చూస్తావేంది." ఆ అమ్మాయి అంతమంది ఎదుట, అందరికన్నా ముందు, తల వంచుకుని మందు తింది. రెండోసారి కూడా వడ్డించారు, డాక్టరు చెప్పాడని. ఆ బిడ్డ ఇప్పుడు పాళెం బడిలో పిల్లలందర్నీ కొడుతోందని టీచర్ల ఫిర్యాదు. దేవునికి స్తోత్రం.

ఆ తర్వాత సారు ఎక్కడికి పోయినా ఆ కథే. కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవారు, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకు చెప్పేవారు, పెళ్లి పందిట్లో చేరి చెప్పేవారు. చెప్పేకొద్దీ అందులో మస్తాన్ పాత్ర తగ్గింది, నా క్యారియర్ పోయింది, ఆయన సముద్రం వంక చూస్తూ నిలబడి ఉండగా ఆ ప్రశ్న తట్టింది. నాకేం అభ్యంతరం లేదు. సముద్రం నాకన్నా చూడ్డానికి బాగుంటుంది.

మస్తాన్ ఆటోలో మనుబోలు దాటి వాళ్ల ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. ఇల్లంతా చుట్టాలు. ఎవరో పక్కింటివాళ్లు వండి తెచ్చిన అన్నాలు అప్పుడే ముగిశాయి, విస్తళ్లు ఎత్తుతున్నారు. సారు భార్య వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆమెను చూడడం నాకు అదే మొదలు. మస్తాన్ ఎవరో, నేనెవరో చెప్పుకున్నాం. ఆమె మా చేతులు పట్టుకున్నారు.

పక్కన ఒక పెద్దాయన సారు గొప్పతనం చెప్తూ ఉన్నాడు. "ఆఖర్న తిన్నదెవురు అనడిగినాడంట. దొరలే బిత్తరపోయినారంట. అట్ట అడగాలని ఎవురికి తడతాది చెప్పు."

ఆమె విని తలూపారు. నాకు మాత్రమే వినపడేటట్టు అన్నారు, "ఎన్ని తూర్లు ఇన్నానో తల్లీ ఆ కత. ఇంటికి ఎవురొచ్చినా భోజనాల కాడ అదే. నేను వడ్డిస్తా ఇంటా ఉండేదాన్ని. మంచి ప్రశ్నే. ఎప్పుడన్నా ఒకసారి ఇట్ట తిరిగి నన్ను గూడా అడుగుతాడేమోనని చూసినా. అడగలా."

కోపంతో అన్న మాట కాదు. ఎప్పట్నుంచో చెప్పాలనుకుని ఎవరూ దొరక్క ఆగిపోయిన మాటలా ఉంది. అని, చిన్నగా నవ్వారు. ఆయన ఉంటే ఆ నవ్వును రాసిపెట్టుకుని ఏ శీర్షిక కింద వేసేవారో.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా అమ్మా?" అని అడిగాను.

"తిన్నా తల్లీ."

నేను లేచి వంటింట్లోకి పోయాను. గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. బయటకొచ్చి మస్తాన్ వంక చూశాను. వాడు ఆటో తీసుకుని హైవే మీది హోటల్‌కు పోయి ఇడ్లీ పొట్లం తెచ్చాడు. ఆమె వద్దన్నారు. అందరూ చూస్తారన్నారు. మందనుకోండి అన్నాను. ఆమె నా మొహం చూసి, పొట్లం విప్పుకున్నారు. తినేంతసేపూ నేను ఆమె ముందు అడ్డం కూర్చున్నాను.

సారు కోసం ఆఫీసులో సంతాపసభ జరిగింది. ఫొటోకు పెద్ద దండ వేశారు, ఢిల్లీ నుంచి సందేశం చదివారు, ఆ ప్రశ్న గురించి నలుగురు మాట్లాడారు. ఆయన్ను గుర్తుపెట్టుకోమని నేను మిమ్మల్ని అడగను. ఆయన గుర్తుండిపోయే ఏర్పాట్లన్నీ స్వయంగా చేసుకునే పోయారు, చేసింది కూడా తక్కువేం కాదు. మీరు ఏ దేవునికి మొక్కినా సరే, కంచం ముందు కూర్చున్నప్పుడు, మనుబోలు పక్క ఊళ్లో ఆయన ఇంట్లో ఇప్పుడు ఒక్కరే వండుకుని, ఒక్కరే తింటున్న ఆమెను తలుచుకోండి.